కలుపు మందు కొట్టినా ఊద నిలిచింది, ఎందుకు?

ప్రశ్న: నాటిన 25 రోజులకు వరిలో బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందు కొట్టాం. తుంగ మాడింది గానీ ఊద (వరిలా కనిపించే గడ్డి కలుపు) అక్కడక్కడా పచ్చగానే ఉంది. మోతాదు పెంచాలా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: పెంచొద్దు. ముందు మడిలో దిగి చూడండి. ఊద చారలుగా మిగిలితే లోపం నాజిల్‌ది, నడకది. పల్లంలోనే మిగిలితే నీళ్లు తీయకుండా కొట్టారన్నమాట. మునిగిన ఆకుకు మందు అంటదు. ఒకే ఎత్తున్న రెండు ఊద మొక్కల్లో ఒకటి చచ్చి, పక్కది నిగనిగలాడుతుంటేనే మందును తట్టుకునే రకమని అనుమానించాలి.

మీకు ఆలస్యమే దెబ్బతీసి ఉండొచ్చు. ఊద 2–4 ఆకులప్పుడు బిస్‌పైరిబాక్ 10 శాతం ఎస్.సి. (ద్రవ రూపం) మందు ఎకరాకు 100 మి.లీ., 200 లీటర్ల నీటిలో, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో కొట్టాలి. పిలక వేసిన ఊద సరిగా లొంగదు. కొట్టిన రెండో రోజు నీరు పెట్టి, వారం నిలపండి.

దుకాణంలో పెనాక్సులం అనే మరో కలుపు మందు ఇస్తే మార్చినట్టు కాదు. రెండూ దెబ్బతీసేది కలుపు మొక్కలోని ఒకే ఎంజైమునే. వచ్చే పంటలో నాటిన 3–5 రోజుల్లో కలుపు మొలవకముందే వేసే ప్రెటిలాక్లోర్ 50 శాతం ఇ.సి. (నీటిలో పాలలా కలిసే ద్రవం) ఎకరాకు 500 మి.లీ. ఇసుకలో కలిపి చల్లండి. తర్వాత లేత ఊద కనిపిస్తే సైహాలోఫాప్ బ్యుటైల్ 10 శాతం ఇ.సి. ఎకరాకు 300 మి.లీ. వాడండి. సైహాలోఫాప్‌లో 2,4-డి (వెడల్పాకు కలుపు మందు) కలిపితే ఊద మీద పట్టు తగ్గుతుంది.

ఇప్పుడున్న ఊదను గింజ కట్టకముందే పీకించండి.