పెద్ద సినిమాల్లో కథ తగ్గిందా? గ్రాఫిక్స్ పని చేసినవాడిగా నా లెక్క

ప్రశ్న: బాహుబలి తర్వాత వస్తున్న భారీ బడ్జెట్ తెలుగు సినిమాల్లో కథ పోయి హంగామా ఒక్కటే మిగిలిందా? మీరైతే ఎలా అంచనా వేస్తారు?

కథ పోయిందని నేననుకోను. కాకపోతే ఉన్న కథని పెద్ద సీన్లు మోస్తున్నాయా, దాన్ని పక్కన కూర్చోబెట్టి తమ ఆట తాము ఆడుకుంటున్నాయా అన్నది సినిమా సినిమాకీ మారుతోంది.

నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో రోటో పని, ఆ తర్వాత కంపోజిటింగ్ (విడివిడి బొమ్మల్ని ఒకే షాట్‌గా అతికించే పని) చేశాను. రోటో అంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మనిషి చుట్టూ గీత గీసి వెనకున్నదాన్నుంచి వేరుచేయడం. సెకనుకి 24 ఫ్రేములు. హీరో జుట్టు గాలికెగిరే షాట్ మన వాటాకి వచ్చిందంటే ఆ వారం ఇంటి మొహం చూడక్కర్లేదు. ఈ పని చేసినవాడికి తెర మీద పులి దూకితే పులికన్నా ముందు దాని అంచులు కనిపిస్తాయి. సినిమా చూసే పద్ధతి కాదది. అందుకని అంచులు వదిలేసి ఒక్కటే అడుక్కోవడం అలవాటు చేసుకున్నాను. ఈ పెద్ద సీన్ మొదలైనప్పుడు ఉన్నదానికీ, అయిపోయినప్పుడు ఉన్నదానికీ మనుషుల మధ్య ఏం మారింది?

2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌ని ఇలా చూస్తే చాలా చోట్ల నెగ్గుతుంది. రామ్ చరణ్ పరిచయ సన్నివేశమే తీసుకోండి. ఠాణా కంచె బయట ఇసకేస్తే రాలనంత జనం. అందులోంచి ఒక్కణ్ణి పట్టుకురావాలి. కంచె దూకి, దెబ్బలు తింటూ, కొడుతూ వాణ్ణి ఈడ్చుకొస్తాడు. ఇంత చేశాక ప్రమోషన్ మాత్రం తెల్లవాళ్లకే. ఇతను లోపలికెళ్లి పంచింగ్ బ్యాగ్ మీద పడతాడు. తెల్లదొర మెప్పు కోసం ఇతనికి ఇంత ఆబ ఎందుకన్న అనుమానం మనకి అక్కడ మొదలై, సెకండాఫ్ ఫ్లాష్‌బ్యాక్ దాకా తీరదు. అంతమంది జనంతో తీసిన ఫైటు చేసిన అసలు పని ఆ అనుమానం పుట్టించడం.

ఇంటర్వెల్ అనగానే అందరూ లారీలోంచి దూకే పులుల గురించే చెబుతారు. బాగున్నాయి, కాదనను. కానీ అప్పటికే రామ్‌కి (చరణ్ వేసిన అల్లూరి పాత్ర) భీమ్ (ఎన్టీఆర్ వేసిన కొమురం భీమ్ పాత్ర) ఎవరో తెలిసిపోయింది, భీమ్‌కి రామ్ పోలీసని తెలీదు. ప్రాణం పోసిన స్నేహితుడికి ఎదురుగా ఇతను యూనిఫాంలో వచ్చి నిలబడాలి. జంతువులన్నీ తీసేసినా ఆ సీన్ పడిపోదు. ఒకడి చేతిలో నీళ్లు, ఒకడి చేతిలో నిప్పు ఉండటం కూడా మొదట్నుంచీ ఇద్దరికీ సినిమా ఇచ్చిన గుర్తులే.

నాటు నాటు సంగతీ అంతే. ఉక్రెయిన్‌లోని కీవ్‌లో మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు, 2023లో ఆస్కార్ వచ్చింది. అక్కడ గ్రాఫిక్స్ కంటే కాళ్లదే పని. పాట చివర్లో రామ్ కావాలని కూలబడి భీమ్‌ని గెలిపిస్తాడు. స్టెప్పులు నేర్చుకున్నవాళ్లందరికీ ఆ కూలబడటం గుర్తుండకపోవచ్చు గానీ, ఇంటర్వెల్‌లో మన గుండె కలుక్కుమనడానికి కారణాల్లో అదొకటి.

ఇదే సినిమాతో నా పేచీ ఇతివృత్తం దగ్గర. ఇది కల్పితమని వాళ్లే చెప్పారు, అల్లూరి 1924లో పోతే భీమ్ 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు, ఇద్దరూ స్నేహితులైనట్టు చరిత్రలో లేదు. అంతవరకు సరే. చివర్లో రామ్ నీకేం కావాలని అడిగితే భీమ్ చదువు కావాలంటాడు. అప్పుడు రామ్ జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసిస్తాడు. ఆ నినాదం నిజాం సర్కారుతో పోరాడిన కొమురం భీమ్ పేరుతోనే మనందరికీ తెలుసు. ఆయన మాటని ఇంకొకరి చేత రాయించి ఆయన చేతికి ఇవ్వడమేమిటి? ఆదిలాబాద్ వైపు స్నేహితులతో ఈ మాట అంటే నాకన్నా ఘాటుగా మాట్లాడారు. థియేటర్లో ఈలల మధ్య ఇది తట్టదు. హంగు అంత బాగా కుదిరిన సినిమాలోనే ఇలాంటివి దాటిపోతాయి, కాబట్టి బాగున్న సినిమాని ఇంకా జాగ్రత్తగా చూడాలంటాను.

2024 జూన్‌లో వచ్చిన కల్కి 2898 ఏడీ దీనికి పూర్తిగా తిరగేసిన కేసు. దాని మూలంలో ఉన్న ఆలోచన ఈమధ్య పెద్ద సినిమాలన్నిటిలోకీ బలమైనదని నా అభిప్రాయం. భారతంలో ఉత్తర గర్భం మీద అస్త్రం వేసినవాడు అశ్వత్థామ. ఆ పాపానికి చావు లేని శాపం మోస్తూ, వేల ఏళ్ల తర్వాత సుమతి (దీపికా పదుకొణె) కడుపులో కల్కిగా పుట్టబోయే బిడ్డకి కాపలా కాయాల్సినవాడూ అతనే. ఇంకేం కావాలి? అమితాబ్ బచ్చన్ ఆ మోతనంతా కళ్లలో చూపించాడు. కాశీ, దాని నెత్తిన తలకిందులు పిరమిడ్‌లా కాంప్లెక్స్, అందులోకి వెళ్లడానికి యూనిట్లు (ఆ లోకంలో డబ్బు) పోగేసుకునే భైరవ (ప్రభాస్), ఈ లోకం కట్టడంలో దర్శకుడు నాగ్ అశ్విన్ పడ్డ శ్రమ ఒకప్పుడు షాట్లు మోసినవాడిగా నాకు అర్థమవుతుంది. భైరవ నడిపే బుజ్జి కారు నిజంగానే తయారుచేయించారు, అందుకే అది నేల మీద నిలబడినట్టు ఉంటుంది. అసలు వస్తువు మీద పడే వెలుగుని కంప్యూటర్లో తెప్పించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

అయితే ఫస్టాఫ్‌లో భైరవ చేజ్‌లూ ఫైట్లూ అయ్యాక ఏం మారింది? దాదాపు ఏమీ లేదు. వరసగా అతిథి పాత్రలు వచ్చి పలకరించి పోతాయి. అశ్వత్థామ కథని నెత్తినెట్టుకోవాల్సిన సమయం అక్కడ కారిపోయింది. అశ్వత్థామ, భైరవ తలపడ్డాక గానీ నేను కుర్చీలో ముందుకి జరగలేదు. రెండో భాగంలో మిగతావన్నీ ఎలా ఉన్నా, ఆ బిడ్డ పుట్టిన క్షణం అశ్వత్థామ మొహం మీద కెమెరా ఎంతసేపు ఉంచుతారన్నది చూస్తాను.

హంగంటే గ్రాఫిక్సే అనుకోకండి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన పుష్ప 2లో అన్నిటికన్నా పెద్ద సీన్ జాతర. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టడం నిజంగా ఉన్న ఆచారం. ఎర్రచందనం స్మగ్లరు పుష్ప చీర కట్టి, ఆడపిల్ల పుట్టాలని మొక్కుకుంటాడు. అక్కడే అన్న కూతురికి అవమానం జరుగుతుంది, అదే వేషంలో తిరగబడతాడు. ఇంటిపేరు ఇవ్వని అన్న కుటుంబం కోసం! మొదటి భాగం నుంచీ వాడి కడుపులో ఉన్న మంట అదే కదా. ముఖ్యమంత్రి ఫొటో దిగనన్నాడని ముఖ్యమంత్రినే మార్చేయబూనడం కూడా ఆ మంటకి ఇంకో మొహమే, చూడ్డానికి అతిగా ఉన్నా మనిషి లెక్కలో అతకని పని కాదు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాలో అతకనిది జపాన్ ఫైటు. మొదట ఎందుకు పెట్టారో తెలీదు. తర్వాత 2025 జనవరిలో మరో 20 నిమిషాలు కలిపి మళ్లీ వదిలారు. విడుదలయ్యాక సర్దాల్సి వచ్చిందంటే ఆ సీన్‌కి కథలో మొదట్నుంచీ కుర్చీ వేయలేదనే కదా.

ఇక ‘గ్రాఫిక్స్ చీప్‌గా ఉన్నాయి’ అన్న మాట. 2022లో వచ్చిన ఆదిపురుష్ టీజర్ నుంచి ఇది మనకి ఊతపదం అయిపోయింది. నేను పనిచేసిన చోట షాట్ పాడవడానికి డబ్బుకన్నా ఎక్కువగా కారణమైంది ఆలస్యంగా మారే ఎడిటింగ్. రెండు నెలలు చేసిన షాట్ తీసేసి, రిలీజ్‌కి పది రోజుల ముందు కొత్త షాట్ ఇస్తారు. సెట్లో వెలుగు ఏ వైపునుంచి పడిందో రాసిపెట్టిన కాగితం ఉండదు. అక్కడ హీరో మొహానికి ఎండ, వెనక కోటకి వెన్నెల. అది చూసి బయట ఎవరో ‘ఇన్ని కోట్లు ఏం చేశారు’ అంటుంటే మాకు ఒళ్లు మండేది.

కనుక ఒక సినిమా గురించి మీకే తేల్చుకోవాలనుంటే, థియేటర్లో చూసిన కొన్నాళ్లకి అదే సినిమా ఇంట్లో చిన్న టీవీలో, సౌండ్ తగ్గించి, మీకు బాగా నచ్చిన పెద్ద సీన్ ఒక్కటి పెట్టుకోండి. పక్కన సినిమా చూడనివాళ్లెవరైనా కూర్చుంటే మరీ మంచిది. ‘వీళ్లెందుకు కొట్టుకుంటున్నారు’ అని వాళ్లడిగితే ఒక్క ముక్కలో చెప్పగలరేమో చూడండి. మా అమ్మకి ఆర్ఆర్ఆర్ ఇంటర్వెల్ గురించి చెప్పడానికి ఒక్క ముక్క చాలింది. కల్కి ఫస్టాఫ్ చేజ్ దగ్గర నేను నీళ్లు నమిలాను, ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.