బూడిద రంగు వేయడం ఫొటో చూస్తే రాదు

అడిగిన ప్రశ్న ఇది: "ఫ్యాక్టరీల మధ్య పెరిగిన కళాకారులు తమ చిన్ననాటి జ్ఞాపకాలను మిశ్రమ మాధ్యమంలోకి ఎలా తెచ్చుకుంటారు? ఆ కాలపు ఫొటోలు ముందు పెట్టుకుని వేస్తే సరిపోతుందా?"

సరిపోదు. నేను కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర పుట్టి పెరిగాను. ఇప్పుడు మిశ్రమ మాధ్యమంలో, అంటే రంగులతో పాటు ఇతర వస్తువులనూ కలిపి, ప్లైవుడ్ మీద, గోనెపట్టా మీద, విరిగిన నాపరాతి బండల మీద బొమ్మలు చేస్తున్నాను. ఫొటో చూసి వేసిన ఫ్యాక్టరీ బొమ్మను నేను గది అవతల నుంచే పట్టేయగలను, ఎందుకంటే అందులో తప్పనిసరిగా ఒక పొగగొట్టం ఉంటుంది, దాని వెనక నారింజ రంగు సాయంత్రం ఉంటుంది, చూసేవాడు ఎక్కడో దూరంగా, పొడి తగలనంత దూరంగా నిలబడి ఉంటాడు. ఫ్యాక్టరీ పక్కన పెరిగిన పిల్లలకు పొగగొట్టం అసలు కనిపించదు. మా కళ్లకు ఎదురుగా ఉండేవి లారీ టైర్లు, గోడల అడుగుభాగాలు, చిరిగిన సంచుల మూతులు, రైలుపట్టాల పక్కన రాలిన బొగ్గు, బండల ముక్కలు. తలెత్తి చూస్తే కళ్లలో పొడి పడుతుంది కాబట్టి తల దించుకుని నడవడమే మాకు అలవాటు. ఆ ఎత్తులో తీసిన ఫొటో నాకు ఇంతవరకు ఏ ఆల్బమ్‌లోనూ దొరకలేదు. పెళ్లిళ్లకు తప్ప కెమెరా రాని ఇళ్లలో దొరుకుతుందని అనుకోవడమూ వృథా.

ఫొటోలంటే నాకు చిన్నచూపు లేదు. జర్మనీలో సీగెన్ అనే గనుల పట్టణంలో 1931లో పుట్టిన బెర్న్ట్ బెహర్, తన ప్రాంతపు గనులను, కొలుములను మొదట బొమ్మలుగా గీసేవాడు. తాను గీసేలోపే వాటిని కూల్చేస్తున్నారు కాబట్టి కెమెరా పట్టుకున్నాడు. తర్వాత భార్య హిల్లాతో కలిసి నీళ్ల ట్యాంకులు, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులు, బొగ్గు గోపురాలు కొన్ని దశాబ్దాల పాటు తీశాడు. అది గొప్ప పనే. అయితే అది పెద్దవాడైన మనిషి చేసిన జాబితా, పోతున్న వస్తువులకు రాసి పెట్టిన లెక్క. మీరు అడిగింది పిల్లల జ్ఞాపకం గురించి కాబట్టి ఆ దారి మీకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. ఎర్రగుంట్ల చుట్టూ నేల కింద ఉన్న సున్నపురాయి పొరను భూగర్భ శాస్త్రంలో నార్జి సున్నపురాయి అంటారు. నార్జి ఒక ఊరి పేరు. ఒకే రాతిపొర రెండు రకాల బతుకులను పోషిస్తోంది. పలకలుగా విడివడే చోట దాన్ని బండలుగా కోసి, పాలిష్ పట్టి, కడప బండలని దేశమంతటికీ పంపుతారు. మిగతా చోట్ల పేల్చి, పొడి చేసి, దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేస్తారు. మా నాన్న పాలిష్ యూనిట్‌లో పనిచేసేవాడు, మా చిన్నాయన సిమెంటు సంచులు లారీలకెత్తేవాడు, కాబట్టి సాయంత్రం మా ఇంటి అరుగు మీద ఒకే రాయి రెండు రంగుల్లో కూర్చుని టీ తాగేది. పాలిష్ యంత్రం కింద నల్లటి బండ నుంచి నీళ్లతో కలిసి కారే బురద ఆరిపోయాక దాదాపు తెల్లగా మారుతుంది. నల్లరాయిలోంచి తెల్ల బురద ఎలా వస్తుందని చిన్నప్పుడు నన్ను వేధించిన ప్రశ్నకు బడిలో ఎవరూ జవాబు చెప్పలేదు. అడిగినందుకు మాత్రం బెంచీ ఎక్కించారు. రాతిని మెత్తగా నూరితే కాంతి ఆ నలుసుల మీద పడి అన్ని వైపులకూ చెదిరిపోతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుందని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను.

నా పని మొత్తానికి మూలమైన సంఘటన ఒకటుంది. ఎండాకాలమంతా మా మిద్దె మీద, గోడల మీద, వాకిట్లోని వేపచెట్టు మీద పొడి పడుతూనే ఉండేది. మా అమ్మ వడియాలు పెట్టాలంటే పైన పాత చీర కట్టేది, మిరపకాయలు ఆరబోస్తే సాయంత్రానికి వాటి ఎరుపు మీద బూడిద పొర కనిపించేది. ఒక ఏడాది తొలకరి అరకొరగా వచ్చింది. పొడిని కడిగేసేంత వాన కాదది, తడిపి వదిలేసేంత తుంపర మాత్రమే. మర్నాడు పొద్దున ఎండ కాసేసరికి చెట్టు మీద పడిన పొడి అంతా గట్టిపడి, ఆకులు గాలికి ఊగకుండా బిర్రబిగుసుకుని, ఒకదానికొకటి తగిలినప్పుడు గలగలమని చప్పుడు చేస్తున్నాయి. నేను ఒక రెమ్మ విరిచి ఆకును వేళ్ల మధ్య మెల్లగా వంచాను. పైనున్న పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. తిప్పి చూస్తే దాని లోపలి వైపు నడిమి ఈనె, దానికి రెండు పక్కలా చీలిన సన్నని ఈనెలు, అంచుల రంపపు పళ్లు, అన్నీ అచ్చుపడి ఉన్నాయి. ఆకు కన్నా ఆకు అచ్చే స్పష్టంగా ఉంది. ఇంకొకటి తీశాను, ఇంకొకటి. కొన్ని విరిగిపోయాయి, కొన్ని చీలి సగం ఆకులయ్యాయి. అరుగు మీద వరుసగా పేర్చుకుంటూ ఉంటే జేజి చూసి, "ఏందిమే అది, చెట్టంతా దూసి పారేస్తాండావు? ఆ బూడిద చేతులు నోట్లో పెట్టుకోబాక!" అని కసిరింది. తర్వాత ఏమనుకుందో ఏమో, తానే వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో ఒక పెచ్చు మీది దుమ్ము విదిలించి, ఎండకు ఎత్తి పట్టుకుని చూసింది. అది వేపాకని చెప్పకపోతే తెలియదు, చేప ముల్లులా ఉందని అంది. మధ్యాహ్నం క్వారీలో పేలుడుకు ముందు మోగే సైరన్ మోగింది, ఆ వెంటనే పేలుడుకు నేల అదిరింది, అరుగు మీద పేర్చినవి కొన్ని జారి కింద పడి పొడైపోయాయి. మా గోడల్లో పగుళ్లు కూడా ఆ పేలుళ్ల పుణ్యమే. వాటి గురించి ఊరివాళ్లు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా పగుళ్లు కొలిచే మనిషి వచ్చేవాడు, పూడ్చే మనిషి రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పెచ్చును నేను రంగుతో ఎలా వేయాలి? ఆకుపచ్చ మీద బూడిద రంగు పూస్తే బొమ్మ వస్తుంది గానీ ఆ గట్టితనం రాదు, వంచితే ఊడివచ్చే గుణం రాదు. జ్ఞాపకం ఒక పదార్థం చేసిన పనిగా మిగిలి ఉన్నప్పుడు ఆ పదార్థాన్నే పిలిచి ఆ పని మళ్లీ చేయించాలి. మిశ్రమ మాధ్యమం నాకు ఈ అవసరం కొద్దీ వచ్చింది. దాన్ని ఒక శైలిగా, ఫ్యాషన్‌గా ఎంచుకునేవాళ్లు కాన్వాసు మీద రెండు బటన్లు, ఒక గడియారపు ముల్లు అంటించి ఊరుకోవడం చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కళకు సంబంధం లేని ముడిసరుకని ఈ రాతిపొడిని తీసిపారేసేవారికి ఒక మాట చెప్పాలి. పూర్వం ఐరోపాలో చెక్కపలక మీద చిత్రం వేసే ముందు పూసిన తెల్లని పూతను ఇటలీలో జిప్సం అనే తెల్లని ఖనిజంతో, ఉత్తరాది దేశాల్లో సుద్దతో, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు కలిపి చేసేవారు. సుద్ద అంటే సున్నపురాయికి మెత్తని చుట్టమే, రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేట్. ఇక జిప్సం లేకుండా సిమెంటు ఫ్యాక్టరీయే లేదు: కొలిమిలో కాలి గడ్డకట్టిన ముద్దలైన క్లింకర్‌తో కలిపి దాన్ని నూరకపోతే సిమెంటు నీళ్లు తగిలిన కాసేపటికే బిగుసుకుపోతుంది. అంటే పాత కాలపు చిత్రకారుడి పూతకు కావలసిన రెండు ముడిపదార్థాలూ మా ఊరి ఫ్యాక్టరీ ఆవరణలో గుట్టలుగా పడి ఉండేవి. అంత దూరం ఎందుకు, మన అనంతపురం వైపు లేపాక్షిలో 16వ శతాబ్దపు చిత్రకారులు పైకప్పు మీద రంగులు వేసింది సున్నపు పూత మీదే, ఆ సున్నం కాల్చిన సున్నపురాయే. ఇంత ఉండగా నగరాల్లోని ఆర్ట్ దుకాణాల్లో గరుకు పూతకు వాడే ముద్దను టెక్స్చర్ పేస్ట్ అని చిన్న డబ్బాలో పోసి ఎంతకు అమ్ముతున్నారో ఒకసారి అడిగి చూడండి. మా నాన్న పనిచేసిన చోట అలాంటి రాతి బురదనే ట్రాక్టర్లతో ఎత్తి రోడ్డు పక్కన పారబోసేవారు.

రంగుల విషయంలోనూ అంతే. సిమెంటుకు వాడే సరుకులోనే సున్నపురాయి బూడిద రంగు, జిప్సం తెలుపు, బొగ్గు నలుపు, ఇనుము కోసం కలిపే లాటరైట్ మట్టి ఎరుపు ఉన్నాయి. నేను వీటికి బయటి రంగులు చాలా తక్కువగా కలుపుతాను. ఇంగ్లండులో మిల్లు పట్టణాలను చిత్రించిన ఎల్.ఎస్. లౌరీ కూడా ఐదు రంగులతోనే సరిపెట్టుకున్నాడు కదా అని కొందరు గుర్తు చేస్తారు. నిజమే, కానీ లౌరీ ఆ పరిశ్రమల మధ్యకు 1909లో, ఇరవై దాటిన తర్వాత వచ్చాడు, మొదట్లో ఆ చోటంటే అతనికి ఇష్టమూ లేదు. అందుకే అతని మనుషులు అంత చిన్నగా, అంత దూరంగా ఉంటారని నేను అనుకుంటాను. అక్కడే పుట్టి ఉంటే బూట్ల నుంచి మొదలుపెట్టేవాడు.

గోనెసంచి సంగతికి వస్తే ఆల్బెర్తో బుర్రి పేరు చెప్పక తప్పదు. ఇటలీకి చెందిన ఈ వైద్యుడు రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో పట్టుబడి, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో యుద్ధఖైదీగా ఉన్నప్పుడు చిత్రకళ మొదలుపెట్టి, తిరిగి వెళ్లాక వైద్యం మానేసి, గోనెసంచులను చింపి, కుట్టి, కాన్వాసుగా చేసుకున్నాడు. 1968 భూకంపంలో సిసిలీ ద్వీపంలోని జిబెల్లీనా ఊరు కూలిపోతే, ఆ శిథిలాలను పాత వీధుల ఆనవాళ్లు మాత్రం సందులుగా మిగిలేలా తెల్లని సిమెంటుతో కప్పించాడు. 1984లో మొదలైన ఆ పని మధ్యలో ఆగిపోయి, ఆయన పోయాక 2015లో పూర్తయింది. సిమెంటుతో జ్ఞాపకాన్ని ఎలా పట్టుకోవచ్చో తెలుసుకోవాలనుకునేవారు చూడవలసింది దాన్నే. నా చిన్నతనంలో మా చిన్నాయన భుజం మీద ఎత్తింది కూడా యాభై కిలోల గోనెసంచే. తర్వాత ప్లాస్టిక్ నేత సంచులు వచ్చాయి. వాటికి జిగురు పట్టదు, రంగు పట్టదు, చెమట వాసన కూడా పట్టదు. కాబట్టి నా పనిలో 1990ల తర్వాతి కాలాన్ని చెప్పాలంటే వాటిని తీగతో కుట్టవలసి వస్తోంది.

ప్రదర్శనల్లో నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండే. ఇది కాలుష్యం మీద నిరసనా అని ఒకరు, పాత రోజుల మీద మమకారమా అని ఇంకొకరు. నన్ను సాకిన పొడీ, మా చిన్నాయనకు దగ్గు తెచ్చిన పొడీ ఒకటే అయినప్పుడు నేను ఏదో ఒక జెండా పట్టుకోవాలని కోరడం అన్యాయం. దీనికి తోడు రాయలసీమ నుంచి వచ్చానని తెలియగానే కత్తులు, కరువు, బీటలువారిన నేల కావాలంటారు. ఒక చోట దరఖాస్తులో చిత్రం, శిల్పం, గ్రాఫిక్స్ అని మూడు గళ్లు మాత్రమే ఉంటే, బరువును బట్టి నిర్ణయిస్తామని చెప్పి నా పనిని శిల్పంలో వేశారు.

మీరు నిజంగా మొదలుపెట్టాలనుకుంటే పద్ధతి చెబుతాను. సిమెంటును నేరుగా బట్ట మీద పూయవద్దు, అందులోని క్షారం కాలక్రమంలో నూలును బలహీనపరుస్తుంది, బట్ట వంగినప్పుడల్లా పూత పగులుతుంది. మందమైన ప్లైవుడ్ తీసుకోండి. పాలిష్ యూనిట్ బురదను ఎండబెట్టి, నూరి, పలుచని బట్టలో జల్లించి, రాత్రంతా నానబెట్టిన తుమ్మబంకలో కలిపి పలుచని పొరలుగా పూయండి. బంక ఒక్కటే అయితే పెళుసుబారుతుంది కాబట్టి కొంచెం చెక్క పనివాళ్ల తెల్ల జిగురు చేర్చండి. ఒక పొర పూర్తిగా ఆరకముందే ఆకునో, గోనెనో ఒత్తి తీస్తే అచ్చు పడుతుంది. నూరేటప్పుడు, జల్లించేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి, రాతి పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు. సరుకు కోసం మా వైపు దాకా రానవసరం లేదు. తాడిపత్రిలోనైనా, బేతంచెర్లలోనైనా ఏ పాలిష్ యూనిట్ యజమానిని అడిగినా సంతోషంగా ఇస్తాడు, పారబోసే ట్రాక్టరు ఖర్చు అతనికి మిగులుతుంది కాబట్టి ఒక్క బకెట్ అడిగితే రెండు మోపించే ప్రయత్నం కూడా చేస్తాడు.