రెండు వారాలు వెళ్లకపోతే ఒక్కరూ అడగలేదు

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. రిటైరైనప్పటి నుంచీ మా కాలనీ పార్కులో పొద్దున్నే వ్యాయామం చేసే బృందంతో కలిసి వెళ్తున్నాను. ఈమధ్య వైరల్ జ్వరంతో రెండు వారాలకు పైగా వెళ్లలేకపోయాను. ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేయలేదు. వాట్సాప్‌లో మాత్రం రోజూ గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు! మనసు విరిగి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఇంట్లోనే నడుస్తున్నాను. ‘ఇంత చిన్నదానికి అంత పంతమా’ అంటోంది మా ఆవిడ. నాది పంతమా?

జవాబు: ఇన్నేళ్లు పక్కపక్కన నిలబడి చేతులెత్తి దించినవాళ్లు మనం కనబడకపోతే ఒక్క మాటైనా అడగాలనుకోవడం పంతమెలా అవుతుంది? మీకు నొప్పి కలిగింది, అందులో తప్పేమీ లేదు. గ్రూపు వదిలేయడంలో మాత్రం కాస్త పంతం ఉంది. అది కూడా వృథా పోయింది. 2022 నుంచి వాట్సాప్‌లో ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకు మాత్రమే వెళ్తుంది. మీ కోపం ఎవరికి తెలియాలనుకున్నారో, వాళ్లలో చాలామందికి మీరు గ్రూపులో లేరన్న సంగతే తెలిసి ఉండదు.

పొద్దుటి స్నేహాలు కొంచెం చిత్రమైనవి. మోకాళ్ల నొప్పుల నుంచి కోడలి ఉద్యోగం దాకా అన్నీ మాట్లాడుకుంటాం. ఇల్లెక్కడో, ఒక్కోసారి అసలు పేరేమిటో కూడా తెలియదు. ఎవరైనా కనబడకపోతే ‘పిల్లల దగ్గరికి వెళ్లుంటారు’ అనేసుకుని వ్యాయామం లెక్క మొదలుపెట్టేస్తాం. అడిగేవాళ్లు ఎవరో ఒకరు అడిగే ఉంటారని ప్రతివాళ్లూ అనుకుంటారు. జ్వరమని మీరు ఎవరికైనా చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. ఇంకొకటి కూడా గుర్తుచేసుకోండి. మీకంటే ముందు ఎవరో ఒకరు నాలుగు రోజులు మానేసే ఉంటారు. అప్పుడు మీరు ఫోన్ చేశారా? నిలదీయడానికి అడగడం లేదు. చేయలేదన్నదే జవాబైతే, వాళ్లు మీ పట్ల ఎందుకు ఊరుకున్నారో మీకే తెలిసిపోతుంది.

ఇంట్లో నడవడం మంచిదే. కాకపోతే 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమతో పాటు, మూడు రోజులైనా కండరాల బలానికి, శరీరం తూలకుండా ఉండటానికి పనికొచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఒంటికాలి మీద నిలబడటం లాంటివి ఒంటరిగా ఉంటే మనం ముందుగా ఎగ్గొట్టేవే. పక్కన పదిమంది ఉండటానికీ ఒక విలువ ఉంది. 2010లో వెలువడిన ఓ అధ్యయనంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పడవ నడిపే క్రీడాకారులను పరిశీలించారు. ఒంటరిగా చేసినప్పటికన్నా జట్టుగా అదే శ్రమ చేసినప్పుడు వాళ్ల నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. ఇంట్లో నడుస్తుంటే వెలితిగా ఉందంటే అది మీ ఊహ కాదు.

జ్వరం పూర్తిగా తగ్గి, నీరసం పోయాక వెళ్లండి. మొదటి వారం సగం వేగం చాలు, నడుస్తూ మాట్లాడగలిగేంత. ఛాతీలో నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి డాక్టర్‌ను కలవండి.

‘ఇంకా బతికే ఉన్నాలెండి’ లాంటి చురకలు మాత్రం వద్దు. అందరూ నవ్వేస్తారు, మీరు ఇంకా ఉడుక్కుంటారు. మీకు బాగా దగ్గరైన ఒక్కరితో, ‘జ్వరంతో పడుకున్నాను. ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని చూశాను’ అనండి. ఆ రెండు వాక్యాలు చాలు. వరసగా మూడు రోజులు రానివాళ్లకు ఫోన్ చేసే పని మొదటి నెల మీరే తీసుకోండి. దాన్ని గ్రూపులో నియమంగా పెట్టకండి, పూల బొమ్మల కింద కొట్టుకుపోతుంది.

అన్నట్టు, ఒక్కరూ అడగలేదని రాశారు. రాత్రిళ్లు లేచి ఒళ్లు కాలుతోందేమోనని మీ నుదురు తాకి చూసిన మనిషి ఇంట్లోనే ఉండి ఉంటారు. ‘చిన్నది’ అన్నారని ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. మీరు రోజంతా ఇంట్లో చిరాకుపడుతుంటే భరిస్తున్నది ఆవిడే.

ఇవన్నీ చెప్పాక కూడా వాళ్లు మారకపోతే అప్పుడు ఇంకో బ్యాచ్ చూసుకోండి, నేనేమీ అనను. ఈలోగా గ్రూపులో మళ్లీ చేర్చమని అడ్మిన్‌నే అడగొచ్చు కదా. ఆ ఫోన్ ఇవాళే చేయండి. మెసేజ్ వద్దు, ఫోనే.