కార్డు బిల్లు కట్టినా లిమిట్ పెరగలేదు, మళ్లీ కట్టాలా?

మీరు అడిగింది ఇదీ: శుక్రవారం రాత్రి ఒక యాప్‌లో 45,000 క్రెడిట్ కార్డు బిల్లు కట్టారు, అకౌంట్లో డబ్బు పోయింది, సక్సెస్ అని కూడా వచ్చింది, శనివారం మధ్యాహ్నమైనా కార్డులో వాడుకోవడానికి మిగిలిన లిమిట్ పాతదే ఉంది, రేపు ప్రొద్దుటూరు పోయి చెల్లెలి పెళ్లికి బంగారం తీసుకోవాలి, ఇంకోసారి కట్టేయాలా అని. వద్దు, అన్నా, ఇంకోసారి మాత్రం కట్టొద్దు. ఆ డబ్బు కార్డులో అదనంగా పడి కూర్చుంటుంది, తిరిగి మీ అకౌంట్‌కి తెప్పించుకోవడం ఇంకో తలనొప్పి.

కడపలో నాది చిన్న నెట్ సెంటర్. బిల్లులు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు నెలాఖరులో ఎక్కువే, పైగా షాపుకి పేపర్, టోనర్ నేనూ కార్డు మీదే కొంటా, కాబట్టి ఈ టెన్షన్ నాకు కొత్త కాదు.

యాప్‌లో సక్సెస్ అంటే మీ డబ్బు బయల్దేరింది, భారత్ బిల్‌పే (బిల్లుల డబ్బు చేరవేసే వ్యవస్థ) లాంటి దారిలో కార్డు బ్యాంకుకి కబురు అందింది అని. దాన్ని మీ కార్డు ఖాతాలో జమ రాయడం ఒక పని, జమైన దాన్ని మళ్లీ వాడుకోవడానికి లిమిట్ తెరవడం ఇంకో పని, ఈ రెండూ ఒకేసారి జరగాలని లేదు. కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఉన్న సేవింగ్స్ అకౌంట్ నుంచి కడితే చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతి) 2019 డిసెంబర్ నుంచి ఆదివారాలు కూడా అరగంటకోసారి నడుస్తోంది, అయినా కార్డు వైపు జమ రాయడం మరుసటి పనిదినానికి పోవచ్చు. చెక్కు అయితే క్లియర్ అయ్యేదాకా ఆగాల్సిందే. నేను ఒకసారి మామూలుగా కట్టేదానికన్నా చాలా పెద్ద మొత్తం కడితే జమ కనిపించింది గానీ లిమిట్ తెరవలేదు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే చెకింగ్‌లో ఉందన్నారు, తర్వాత దానంతట అదే తెరుచుకుంది.

ఇంకోటి, మా షాపులో సగం గొడవలు అసలు ఆలస్యమే కావు. లక్ష లిమిట్ ఉన్న కార్డుకి 45,000 బిల్లు వచ్చిందనుకోండి, బిల్లు తయారయ్యాక మీరు ఇంకో 18,000 గీకారు. 45,000 కట్టేశాక లిమిట్ 82,000 వస్తుంది, లక్ష రాదు. కట్టింది పాత బిల్లు, కొత్త ఖర్చు అలాగే కూర్చుని ఉంటుంది కదా. ఈఎంఐ ఉంటే లెక్క ఇంకా తిరకాసు: 60,000 ఫోన్ ఈఎంఐలో పెట్టుకుంటే మొదట్లోనే ఆ 60,000 మొత్తం లిమిట్‌లోంచి పట్టేస్తారు, తర్వాత నెలనెలా కట్టే వాయిదాలో అసలు ఎంత ఉందో అంతే వెనక్కి వస్తుంది, వడ్డీ భాగం రాదు. కాబట్టి ముందు బ్యాంకు యాప్‌లో బిల్లులో రాని ఖర్చులు, ఈఎంఐలు చూసుకోండి.

లేట్ ఫీ గురించి భయం ఉంటే, గడువు తేదీ దాటి 3 రోజుల కంటే ఎక్కువైతేనే అది వేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. లిమిట్ పెరగకపోవడానికి దానికీ సంబంధం లేదు, మీరు కట్టిన తేదీ రసీదులో ఉంటుంది, అది దాచుకోండి.

ఇప్పుడు చేయాల్సింది, రసీదులో కార్డు చివరి నాలుగు అంకెలు మీవేనా చూడండి (ఒకాయన పాత కార్డుకి కట్టేసి నా మీద అరిచాడు), యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుని గుర్తుపట్టే నంబరు) రాసుకోండి. సోమవారం సాయంత్రానికి కూడా జమ కనిపించకపోతే ఆ నంబరుతో యాప్‌లోనూ, కార్డు బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి, కార్డు వెనకాల ఉన్న నంబరుకే ఫోన్ చేయండి, గూగుల్‌లో వెతికిన కస్టమర్ కేర్ నంబర్లలో దొంగలు కాచుకుని ఉంటారు. ఎవరు ఓటీపీ అడిగినా చెప్పొద్దు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

రేపటి బంగారం సంగతికొస్తే, కొంత అడ్వాన్స్ ఇచ్చి ఈరోజు రేటుకి నగ పక్కన పెట్టమని అడగండి, తెలిసిన షాపైతే ఒప్పుకుంటారు. కార్డు గీకితే పైన ఏమైనా కలుపుతారా అన్నది కూడా బేరం ఆడేటప్పుడే తేల్చుకోండి, బిల్లు కొట్టాక కాదు.