కడుపుతో ఉన్నప్పుడు పాప్ స్మియర్: లీప్ అయిన ఐదు నెలలకే నెల తప్పిన నా అనుభవం

కడుపుతో ఉండగా పాప్ స్మియర్ (గర్భసంచి మూతి మీది కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకోవచ్చా అని అడిగారు కదా, చేయించుకోవచ్చు. నేను పద్నాలుగో వారంలో చేయించుకున్నాను. అప్పుడు కడుపులో ఉన్న పిల్లకి ఇప్పుడు మూడేళ్లు, ఈ జవాబు రాస్తుంటే పక్కన కూర్చుని నా ఫోన్ ఛార్జర్ పీకుతోంది.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఏడు నెలల కిందట సీఐఎన్ 2 (గర్భసంచి మూతి మీద, వదిలేస్తే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న తేడా కణాలు, రెండో గ్రేడు) అని లీప్ (కరెంటు తీగతో ఆ ముక్కను తీసేయడం) చేశారు, తర్వాతి చెకప్‌కి వెళ్లేలోపే నెల తప్పింది, ఇప్పుడు పదమూడో వారం. లీప్ చేసిన డాక్టరు శాంపిల్ తీద్దామంటున్నారు. మీ అత్తగారు ఈ సమయంలో అక్కడ చెయ్యి పెట్టనివ్వద్దంటున్నారు. మీకేమో ఏం జరుగుతుందోనని టెన్షన్. మా అమ్మ కూడా అచ్చం అదే మాటంది. మాది నెల్లూరు, పెళ్లయ్యాక చెన్నై. ఫోన్లో విషయం చెప్పగానే "ఈ టైములో అక్కడ చెయ్యి పెట్టేదేంది?" అని కసిరింది. నేను డాక్టరును కాను, నాకు జరిగింది చెబుతాను.

ముందు ఒక్క మాట. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. నేను రెంటినీ కలిపేసుకుని రెండు నెలలు ఏడ్చాను. మొదటిది, ఆ తేడా కణాలు మళ్లీ వచ్చాయా అన్నది. దానికి జవాబు పాప్ స్మియర్, హెచ్‌పీవీ (ఆ తేడాకు కారణమయ్యే వైరస్) పరీక్ష చెబుతాయి. రెండోది, లీప్‌లో గర్భసంచి మూతి దగ్గర ముక్క తీసేశారు కదా, మిగిలిన మూతి బిడ్డ బరువును తొమ్మిది నెలలు ఆపగలదా అన్నది. దానికి జవాబు స్కాన్ చెబుతుంది. పాప్ రిపోర్టు బాగుందంటే మూతి గట్టిగా ఉందని కాదు, మూతి పొడవు బాగుందంటే కణాలు బాగున్నాయనీ కాదు. డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడు ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి.

నాకు 31 ఏళ్లప్పుడు సీఐఎన్ 3 అని వచ్చింది, హెచ్‌పీవీ 16 రకంతో. లోకల్ మత్తు ఇచ్చి లీప్ చేశారు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. ఐదో నెలలోనే ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండు గీతలు. ఇంటి దగ్గరున్న నర్సింగ్ హోమ్‌లో చూపించుకుంటూ పన్నెండో వారంలో ఈ చెకప్ సంగతి అడిగితే, "కడుపుతో ఉంటే పాప్ తీయరమ్మా, డెలివరీ అయ్యాక చూద్దాం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పించుకున్నాననుకున్నాను.

ఆ డాక్టరు చెప్పింది తప్పు కాదు, మామూలు వాళ్లకు చెప్పేది నాకు చెప్పారంతే. ఎప్పుడూ ఏ తేడా లేని ఆడవాళ్లకు రొటీన్ స్క్రీనింగ్ టైము కడుపుతో ఉండగా వస్తే, కాన్పయిన పన్నెండు వారాల దాకా వాయిదా వేయడం మామూలే. గర్భంలో హార్మోన్ల వల్ల అక్కడి కణాలు రూపం మారతాయి, రిపోర్టు చదవడం కష్టమవుతుంది. కానీ సీఐఎన్ 2, 3కి వైద్యం అయ్యాక మొదటిసారి చూసే పరీక్ష రొటీన్ కాదు. వైద్యం పనిచేసిందా లేదా అని తేల్చే పరీక్ష అది. నర్సింగ్ హోమ్‌లో నా పాత ఫైలు ఎవరూ చూడలేదు, చూడమని నేనూ ఇవ్వలేదు. లీప్ అంటే "ఏదో చిన్న ప్రొసీజర్ అయింది" అని చెప్పి ఊరుకున్నాను. సిగ్గు, ఇంకేముంది.

లీప్ చేసిన డాక్టరుకు మా ఆయన ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బయాప్సీ రిపోర్టు తెచ్చావా?" లీప్‌లో తీసిన ముక్కను పరీక్షించిన రిపోర్టు అది. అందులో మూడు సంగతులు చూశారు: గ్రేడు ఎంత, ముక్క అంచుల్లో తేడా కణాలు లేకుండా శుభ్రంగా ఉన్నాయా, ఎంత లోతు తీశారు. నాకు అంచులు క్లియర్, లోతు 12 మిల్లీమీటర్లు. ఆ కాగితం అంతవరకు నేను సరిగా చదవనే లేదు. మీదగ్గర ఉంటే ఇవాళే తీసి చూడండి, లేకపోతే ఆసుపత్రిలో అడిగి కాపీ తెచ్చుకోండి. కాన్పు చేసే డాక్టరు, లీప్ చేసిన డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని నమ్ముకోవద్దు. ఆ ఫైలు మోయాల్సింది మనమే.

శాంపిల్ తీయడం గురించి ఎక్కువ భయపడుతున్నట్టున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి పడుకోమన్నారు. దారి తెరిచి పట్టే అదే స్పెక్యులం, మీకు తెలిసిందే. నర్సమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్ల కింద పట్టి తెచ్చింది, ఆ పుణ్యం ఊరికే పోదు. "మూచ్చు విడుంగమ్మా, మూచ్చు విడుంగ" అంటూ నా మోకాలు తడుతూ నిలబడింది. ఊపిరి వదలమని. కడుపుతో ఉన్నవాళ్లకు మూతి లోపలి దారిలోకి దూర్చే సన్న బ్రష్ వాడరట, రక్తం వస్తుందని. చిన్న చీపురుకట్టలాంటి మెత్తటి బ్రష్‌తో మూతి మీద గుండ్రంగా తిప్పి, ఆ బ్రష్ తలను మందునీళ్ల సీసాలో వేసేశారు. నిమిషం కూడా పట్టలేదు. బిడ్డ ఉండే చోటికి ఏదీ వెళ్లదు, ఉమ్మనీటి సంచి దరిదాపులకు కూడా పోదు. ఈ పరీక్ష వల్ల గర్భం పోదు.

కాకపోతే రక్తం మరకలు కనబడతాయి. గర్భంలో అక్కడికి రక్త ప్రసరణ ఎక్కువ, ముట్టుకుంటే చాలు చెమ్మగిల్లుతుంది. నాకు ఆ సాయంత్రం లేత గులాబీ రంగులో, మర్నాడు గోధుమ రంగులో కనబడి ఆగిపోయింది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగేది. ప్యాడ్ తడిసేంత రక్తం, పొత్తికడుపులో పట్టేసే నొప్పి, నీళ్లు కారడం ఉంటే మాత్రం రాత్రయినా పగలైనా ఆసుపత్రికి వెళ్లాలి, అది పరీక్ష వల్లేలే అని ఇంట్లో కూర్చోకూడదు.

ఇప్పుడు మీకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి. నా శాంపిల్‌తో పాటు ల్యాబ్‌కి వెళ్లిన ఫారంలో నేను గర్భవతినని ఎవరూ రాయలేదు. వయసు రాశారు, చివరి నెలసరి తేదీ దగ్గర ఖాళీ. నాలుగు రోజులకు ఫోన్లో పీడీఎఫ్ వచ్చింది, "ఏఎస్‌సీ-హెచ్". అంటే పెద్ద గ్రేడు మార్పు కాదని చెప్పలేని కణాలు అని. హెచ్‌పీవీ మాత్రం నెగటివ్. శుక్రవారం రాత్రి, డాక్టరు దొరకరు, నేను గూగుల్. మా నెల్లూరు వైపు ఎవరికైనా క్యాన్సర్ అంటే "అడయార్‌కి తీసుకుపోయినారంట" అంటారు. చెన్నై అడయార్‌లో డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి 1954లో పెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఎన్ని వేలమందిని బతికించిందో గానీ, మా అమ్మకు ఆ పేరంటేనే కాళ్లు వణుకుతాయి. "అడయార్ పోవాల్నా?" అని అడిగింది. ఆ వీకెండ్ ఎలా గడిచిందో రాయను.

సోమవారం డాక్టరు ల్యాబ్‌కి ఫోన్ చేసి పద్నాలుగు వారాల గర్భం అని చెప్పి స్లైడు మళ్లీ చూడమన్నారు. గర్భంలో ఊడిపడే కొన్ని మామూలు కణాలు సూక్ష్మదర్శినిలో పెద్ద గ్రేడు కణాల్లా కనిపించే అవకాశం ఉందట. చూసేవాళ్లకు గర్భం సంగతి తెలిస్తే ఆ కోణంలోనూ చూస్తారు. రెండోసారి చూసి అవే అయ్యుంటాయన్నారు. అయినా నా పాత చరిత్రను బట్టి డాక్టరు పదహారో వారంలో కాల్పోస్కోపీ (మూతిని భూతద్దంతో చూడటం) చేశారు. కాబట్టి శాంపిల్ ఇచ్చేముందు ఆ ఫారం చేతిలోకి తీసుకోండి. గర్భం ఎన్నో వారం, లీప్ ఎప్పుడు, ఏ గ్రేడు అని రాసి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. అడిగితే ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీండి.

కాల్పోస్కోపీ కూడా మీకు కొత్త కాదు కదా, ఆ వెనిగర్‌లాంటి పలచటి నీళ్లు పూసి భూతద్దంలో చూడటమే. గర్భంలో కూడా చేస్తారు. అవసరమనిపిస్తే చిన్న బయాప్సీ కూడా తీస్తారు, కానీ లోపలి దారిని గీకి తీసే పరీక్ష మాత్రం గర్భంలో చేయరు. నాకు బయాప్సీ అవసరం పడలేదు. నేను అడిగిన ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది: ఒకవేళ మళ్లీ సీఐఎన్ ఉంటే? ఆవిడ చెప్పింది, ఉన్నా ఇప్పుడు కోయం, మధ్యలో ఒకటి రెండుసార్లు చూస్తూ కాన్పు దాకా ఆగుతాం, గర్భం ఉన్న ఆ కొన్ని నెలల్లోనే అది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, కొందరిలో కాన్పయ్యాక తగ్గిపోతుంది కూడా అని. క్యాన్సరే అని అనుమానం వస్తేనే తొందరపడతారు. మరి కోయనప్పుడు చూడటమెందుకు అంటే, ఆ అనుమానం లేదని తేల్చుకోవడానికి.

ఇక రెండో సంగతి, మూతి పొడవు. ఎంత లోతు తీస్తే అంత, నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. పది మిల్లీమీటర్లు దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు. అయినా లీప్ అయినవాళ్లలో ఎక్కువమందికి నెలలు నిండాకే కాన్పవుతుంది, ఇది రెండుసార్లు చదవండి. పైనుంచి చేసే స్కాన్‌లో ఇది సరిగా తెలియదు, లోపలినుంచి చేసే స్కాన్‌తో కొలుస్తారు. నాకు పదహారో వారంలో 31 మిల్లీమీటర్లు, ఇరవయ్యో వారంలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌తో పాటు చూస్తే 27, ఇరవై రెండో వారంలో 24. 25కి తగ్గితే పొట్టిది కిందే లెక్క. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మాత్రలు రాత్రిపూట లోపల పెట్టుకోమన్నారు. ఇంకా తగ్గితే మూతి తెరుచుకోకుండా కుట్టు వేద్దామన్నారు. కుట్టు అనగానే మా అమ్మ మళ్లీ మొదలుపెడితే, "ఇది మన బొంబాయి డాక్టరు శిరోద్కర్ 1955లో ప్రపంచానికి నేర్పిన పనమ్మా, ఇప్పుడు అన్ని దేశాల్లోనూ వేస్తారు" అని డాక్టరు నవ్వుతూ చెప్పారు. నాకు కుట్టు దాకా రాలేదు, అక్కడే నిలబడింది.

పోయింది మాత్రం పుట్టింటి కాన్పు. ఏడో నెలలో శ్రీమంతం చేసి పినాకిని రైల్లో నెల్లూరు తీసుకుపోదామని అమ్మ చీరలు కూడా కొనేసింది. డాక్టరు ప్రయాణం వద్దన్నారు. చివరికి అమ్మే సున్నుండల డబ్బాతో చెన్నై పెరంబూరులోని మా ఇంటికి వచ్చింది, రెండు గదుల ఇంట్లో పదిమందితో గాజులు తొడిగించారు. 37 వారాల నాలుగు రోజులకు మామూలు కాన్పు. పాప 2.7 కిలోలు.

కాన్పు తర్వాత పన్నెండు వారాలకు రమ్మంటే నేను ఐదో నెలలో వెళ్లాను. పాలిచ్చే తల్లులకు తెలుసు ఎందుకో. హెచ్‌పీవీ నెగటివ్. ఇప్పుడు ఏడాదికోసారి చూపించుకుంటున్నాను, ఆ తర్వాత మూడేళ్లకోసారి, అది పాతికేళ్లు మానకూడదట. లీప్ తర్వాత ఒక డోసు హెచ్‌పీవీ టీకా వేయించుకున్నాను, గర్భం వచ్చాక మిగతావి ఆపి కాన్పయ్యాక వేశారు. మీరూ మధ్యలో ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మీ ప్రశ్న చివర్లో "మా ఆయన వల్లే వచ్చిందా" అని చిన్నగా అడిగారు. దాని గురించి ఎవరూ తేల్చి చెప్పలేరు. హెచ్‌పీవీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ అంటేదే, ఏళ్ల తరబడి కనబడకుండా ఉండి తర్వాత బయటపడొచ్చు. ఎవరినుంచి, ఎప్పుడు అని వెతకడం మొదలుపెడితే ఇల్లే పాడవుతుంది. మేము ఒక నెల పాడుచేసుకున్నాం, అందుకే చెబుతున్నా.

అత్తగారిని ఒప్పించడానికి ఇంట్లో వాదించకండి. నేను అమ్మను కాల్పోస్కోపీ రోజు వెంట తీసుకెళ్లాను. డాక్టరు కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, బిడ్డ ఎక్కడుంది, బ్రష్ ఎక్కడిదాకా వెళుతుంది అని చూపించారు. అమ్మ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఓస్, గడప కాడే కదా, ఇంట్లోకి పోరు గదా" అంది. నర్సమ్మకు తెలుగు రాదు, అయినా అర్థమై నవ్వింది.

మీ లోతు ఎన్ని మిల్లీమీటర్లో రిపోర్టులో చూసి, పదహారో వారంలోపే మూతి పొడవు స్కాన్ గురించి అడగండి. పాప్ సంగతి కంటే ముందు అందరూ మర్చిపోయేది అదే.