డార్జిలింగ్ టీ కొనబోయే మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరు బస్టాండుకు దగ్గర్లో గది అద్దెకు తీసుకుని, డార్జిలింగ్, నీలగిరి వంటి మేలైన టీ ఆకులు చిన్న పొట్లాలుగా అమ్మాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అయితే మొదటి సరుకు కోసం ఎవరో కిలో ఆరువందలకే డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, అంటే ఏడాదిలో మొదటి కోత ఆకు, ఇస్తామన్నారని, అడ్వాన్సు కూడా పంపబోతున్నావని విన్నాక మాత్రం ఫోనులో మాట్లాడితే సరిపోదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగరీత్యా ఆరేళ్లు డార్జిలింగ్ కొండల దిగువన ఉన్న సిలిగురిలో ఉన్నాను కాబట్టి ఈ సరుకు గురించి నాకు తెలిసినంత చెబుతాను. ఇది చదివేదాకా డబ్బు పంపకు.

ముందుగా ఒక తేడా తెలుసుకో. టీలో మోసం రెండు రకాలు. ఒకటి ఆకులోనే కల్తీ, అంటే రంగు పూయడం, ఒకసారి వాడి ఎండబెట్టిన ఆకు కలపడం వంటివి. ఇది ఎక్కువగా మనం పాలు పోసి కాచుకునే చవక డస్ట్ టీలో జరుగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. తడిపిన ఫిల్టర్ కాగితం మీద కాస్త పొడి పరిచి, నీళ్లు చిలకరించి, కాసేపయ్యాక పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పట్టి చూస్తే, రంగు వేసిన పొడి అయితే మరకలు కనిపిస్తాయి. రెండోది పేరులో మోసం. ఆకు స్వచ్ఛమైనదే అయినా అది పెరిగిన చోటు వేరు, పొట్లం మీద రాసిన చోటు వేరు. నువ్వు అడుగుపెడుతున్న వ్యాపారంలో భయపడవలసింది ఈ రెండోదానికే, ఎందుకంటే ఏ ఫిల్టర్ కాగితమూ దీన్ని పట్టుకోలేదు.

మన ఊరి లడ్డూ సంగతే చూడు. శనగపిండి, నెయ్యి, చక్కెర పెట్టి లడ్డూ ఎవరైనా చేయగలరు, అది రుచిగానూ ఉండవచ్చు, కానీ తిరుపతి లడ్డూ అనే పేరుతో అమ్మే హక్కు దేవస్థానానికి మాత్రమే ఉంది. 2009లో వచ్చిన భౌగోళిక గుర్తింపు అర్థం అదే. మన దేశంలో ఆ గుర్తింపు మొట్టమొదట పొందిన సరుకు డార్జిలింగ్ టీ, 2004లో. ఆ కొండల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన టీ బోర్డు గుర్తించిన తోటలు 87 మాత్రమే, వాటన్నిటి ఏడాది దిగుబడి కలిపినా కోటి కిలోలకు చేరదు. నాలుగైదు కిలోల పచ్చి ఆకు కోస్తేగానీ ఒక కిలో టీ తయారు కాదు. శీతాకాలమంతా నిద్రపోయిన పొదలు ఫిబ్రవరి చివర చిగురు వేస్తే, ఏప్రిల్ దాకా కోసేదే ఫస్ట్ ఫ్లష్. ఏడాదిలో అతి తక్కువగా, అతి ఖరీదుగా దొరికేది అదే. తోట పేరుతో వచ్చే మంచి ఫస్ట్ ఫ్లష్ కిలో వేలల్లో పలుకుతుంది. కాబట్టి ఆరువందల మాట వినగానే నీకు ఆశ కాదు, అనుమానం రావాలి.

ఆ ఆరువందల ఆకు ఎక్కడిదై ఉంటుందంటావా? సరిహద్దు దాటితే నేపాల్‌లోని ఇలాం జిల్లా. అదే కొండల వరుస, అదే చలి, దాదాపు అదే తయారీ. అక్కడి ఆకు సిలిగురి దారిన మన దేశంలోకి వచ్చి డార్జిలింగ్ పేరు తగిలించుకోవడం వల్ల డార్జిలింగ్ తోటలు ఎంత నష్టపోతున్నాయో నేను కళ్లారా చూశాను. దిగుమతి చేసుకున్న టీని డార్జిలింగ్ వంటి గుర్తింపు పొందిన టీలలో కలపవద్దని టీ బోర్డు 2021లో ఆదేశించింది కూడా. ఇలాం టీ చెడ్డదని నేను అనను, నిజానికి చాలా బాగుంటుంది. దాన్ని ఇలాం టీ అనే పేరుతోనే కొని, ఆ పేరుతోనే అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

రుచి చూసి కనిపెట్టగలనని నువ్వు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని 2018 జనవరిలో ఇక్కడే ఒక దుకాణంలో మోసపోయాను. అందమైన రేకు డబ్బా, దాని మీద డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్, 2017 జూలై కోత అని రాసి ఉంది. ఇంటికి తెచ్చి కాచుకుని తాగాను, బాగుందనే అనుకున్నాను. రెండో రోజు డబ్బా చేతిలో పట్టుకుని అక్షరాలు మళ్లీ చదువుతుంటే గుర్తొచ్చింది. ఆ ఏడాది జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివర దాకా, 104 రోజులు కొండల్లో బంద్. తోటల్లో కోతే లేదు, పొదలు చెట్లలా పెరిగిపోయాయి. జూలైలో కోసే మనిషే లేనప్పుడు జూలై కోత ఎక్కడి నుంచి వస్తుంది? పైగా సెకండ్ ఫ్లష్ మే, జూన్ నెలల పంట, జూలైలో కోసేది వానాకాలపు ఆకు. దుకాణానికి వెళ్లి అడిగితే ఆయన తనకు వచ్చిన బిల్లు చూపించాడు. దాని మీద 'టీ' అనే ఒక్క మాట, బరువు, ధర తప్ప ఏమీ లేవు. ఆయన కూడా మోసపోయినవాడే.

అందుకే నిన్ను కోరేది, రుచి కంటే ముందు కాగితం చూడు. తోట పేరేమిటి, ఏ కాలపు కోత, ఏ ఏడాది, ఇన్వాయిస్ నంబరెంత అని అడుగు. డార్జిలింగ్ తోటలు ఆ ఏడాది మొదటి లాటుకు డీజే-1 అని, తర్వాతిదానికి డీజే-2 అని వరుసగా నంబర్లు వేస్తాయి. నిజంగా తోట సరుకు అమ్మేవాడు ఈ నంబరు తడుముకోకుండా చెబుతాడు, లేనివాడు 'అంతా ఒకటే సార్' అంటాడు. ఈ వివరాలన్నీ బిల్లు మీద రాయించుకో. పొట్లం మీద టీ బోర్డు వారి డార్జిలింగ్ ముద్ర, అంటే రెండాకులు ఒక మొగ్గ పట్టుకున్న స్త్రీ బొమ్మ, ఉందో లేదో చూడు. బొమ్మ ఎవరైనా అచ్చు వేయించగలరు కాబట్టి అది వాడడానికి తీసుకున్న లైసెన్సు వివరాలు కూడా అడిగి, అవి నిజమో కాదో టీ బోర్డు వారినే విచారించు. ఆహార భద్రత లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండాలి. ఆ లైసెన్సు చిరునామా, బిల్లు మీది చిరునామా ఒకటేనా అని కూడా సరిచూసుకో. 'డార్జిలింగ్ బ్లెండ్' అనో, 'డార్జిలింగ్ రుచి' అనో రాసి ఉంటే అందులో మరో ఆకు కలిసి ఉండవచ్చని అర్థం చేసుకో.

ఇవన్నీ సరిపోయాక రుచికి రా. ఐదు కిలోలు కాదు, ముందు యాభై గ్రాములే తెప్పించు. ఒక కప్పు నీళ్లకు రెండు గ్రాముల ఆకు వేసి, మరిగి కాస్త చల్లారిన నీళ్లు పోసి, మూడు నిమిషాలకు వడగట్టు. పాలు, చక్కెర వద్దు. ఫస్ట్ ఫ్లష్ అయితే డికాషన్ లేత బంగారు రంగులో ఉంటుంది, ముదురు ఎరుపుకు తిరిగితే అది ఫస్ట్ ఫ్లష్ కాదనే అనుకోవాలి. తర్వాత వడగట్టిన ఆకును పారేయకుండా తెల్ల పళ్లెంలో పరిచి వేలితో విప్పి చూడు. పొడిగా ఉన్నప్పుడు పుల్లలా చుట్టుకున్నది తడిసి విచ్చుకుని, చిన్న చిన్న లేత ఆకులు, అక్కడక్కడ మొగ్గ, పచ్చదనం మిగిలిన అంచులు కనిపించాలి. ముదురు తునకలు, కాడలు, పొడి కనిపిస్తే అది ఫస్ట్ ఫ్లష్ ధర పలికే సరుకు కాదు. పొట్లం విప్పగానే గుప్పుమని, కప్పులో మాయమయ్యే వాసన పైనుంచి కలిపినదై ఉండవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, మొదట నీలగిరితో మొదలుపెట్టు. చిత్తూరు నుంచి వెల్లూరు, సేలం మీదుగా కూనూరుకు ఒక్క రోజు ప్రయాణం. తోట చూడవచ్చు, ఫ్యాక్టరీలో ఆకు వాడబెట్టడం, చుట్టడం చూడవచ్చు, అక్కడే కొని అక్కడే బిల్లు తీసుకోవచ్చు. ఆర్థొడాక్స్ రకమే, అంటే ఆకును తునకలు చేయకుండా చుట్టి తయారుచేసినదే అడుగు, నీలగిరి పేరుకు ఉన్న గుర్తింపు దానికే. దారి పక్క దుకాణాల్లో రంగు రంగుల సంచుల్లో ఊటీ టీ అని అమ్మేదాన్ని మాత్రం నీ కొట్టులో పెట్టవద్దు. కళ్లతో చూసిన తోట గురించి నువ్వు మాట్లాడే మాటకు ఉండే బలం, ఫోనులో తెప్పించిన పొట్లానికి రాదు.

ఆ ఆరువందల మనిషికి తోట పేరు, ఇన్వాయిస్ నంబరు అడుగుతూ ఈ రోజే ఉత్తరం పెట్టు. జవాబు వస్తే, యాభై గ్రాముల నమూనా అందగానే తీసుకుని ఆదివారం తిరుపతికి రా. నా దగ్గర ఈ ఏడాది తోట నుంచే తెప్పించుకున్న ఆకు కొంచెం ఉంది, రెండూ పక్కపక్కన కాచి చూద్దాం. బోరు నీళ్లలో ఏ ఆకూ తన గుణం చూపించదు, నేను మంచినీళ్లు తెప్పించి ఉంచుతాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య