గడ్డురోజుల్లో ఇళ్లు శుభ్రం చేసే పని పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మావారి కంపెనీలో మనుషుల్ని తీసేశారు. నేనూ మా తోడికోడలూ కలిసి ఇళ్లు క్లీనింగ్ చేసే పని మొదలుపెడదామనుకుంటున్నాం. ఇప్పుడు డబ్బిచ్చి ఎవరు చేయించుకుంటారండీ?
- ఒక సోదరి, నిజాంపేట

జవాబు: చేయించుకుంటారమ్మా. రోజూ ఊడ్చి తుడవడానికి కాదు, దానికి పనమ్మాయిలున్నారు. అద్దెవాళ్లు ఖాళీ చేసినప్పుడు, గృహప్రవేశానికి ముందు, దసరాకీ సంక్రాంతికీ పిలుస్తారు. కూకట్‌పల్లిలో నేను చేయించేదీ ఈ పనే. మన బోరునీళ్లకు కుళాయిల మీద, బాత్రూం టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది చూడండి, అది వదలగొట్టడం వచ్చిందా, ఒకరు చెప్తే ఇంకొకరు ఫోన్ చేస్తారు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డ కుళాయికి చుట్టి, పావుగంటాగి రుద్దండి. మార్బుల్‌కి మాత్రం పులుపు తగలనివ్వొద్దు, మెరుపు పోతుంది. యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ అస్సలు కలపకండి, విషవాయువు పుడుతుంది.

అప్పుచేసి మెషీన్లు కొనకండి. బేగంబజార్‌లో బ్రష్షులు, మాప్‌లు హోల్‌సేల్‌కి దొరుకుతాయి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, డబ్బులడిగే ఏజెంట్ జోలికి పోవద్దు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ బెంగ మీకక్కర్లేదు (దాటితే నాకు స్వీట్లు పంపండి). ఇల్లు చూడకుండా ఫోన్లో రేటు చెప్పకండి. ముఖ్యంగా వంటింట్లో చిమ్నీ చూశాకే నోరు విప్పండి.